తాబేలు పెట్టెలో కింద ఏం పోయాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజుల్లో సగం పైన తాబేళ్ళ గురించే ఉన్నాయి, అందులోనూ దాదాపు అందరి అనుమానం ఒకటే, పెట్టెలో కింద ఏం పరవాలి అని. కాబట్టి ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. మేత గురించి, లైట్ల గురించి అడిగినవాళ్ళకి వచ్చే నెల చెప్తా.

ప్రశ్న: మా బాబు పుట్టినరోజుకి సల్కాటా తాబేలు పిల్లని కొన్నామండి, అరచేతిలో పట్టేంత ఉంది. షాపువాళ్ళు అట్టపెట్టెలో న్యూస్‌పేపర్ ముక్కలు వేసి ఇచ్చారు, ఇది ఎడారి తాబేలు కదా ఇంటికెళ్ళాక ఇసుక పోసెయ్యండి చాలు అన్నారు. మేం ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కృష్ణా ఇసుక మేడ మీద ఉంది, జల్లెడ పట్టి అదే పోద్దామనుకుంటున్నాం, పోయొచ్చా?
(ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: వద్దమ్మా, ఇసుక ఒక్కటే ఎప్పుడూ పోయొద్దు. ఎడారి తాబేలు అన్నారు చూడండి, తేడా అంతా అక్కడే వస్తంది. సల్కాటాలు ఆఫ్రికాలో సహారాకి దక్షిణపు అంచున ఉండే సాహెల్ అనే ప్రాంతంలోవి, అది గడ్డి, ముళ్ళ తుప్పలు ఉండే నేల, పైన ఎండ మాడ్చేస్తున్నా ఇవి రోజులో ఎక్కువసేపు తవ్వుకున్న బొరియల్లోనే గడుపుతాయి. ఆ బొరియ లోపల మట్టి చల్లగా, తేమగా ఉంటది. పిల్లలైతే మరీను, ఎండకి, పక్షులకి భయపడి బయటికి రావడమే తక్కువ. అంటే మనం పైన ఎండ చూసి ఎడారి ఎడారి అనుకుంటున్నాంగానీ ఆ పిల్ల పెరిగేది కింద తేమలో.

ఆ తేమ దొరక్కపోతే ఏమవుద్దంటే, డిప్ప మీద ఒక్కో పలక బుడిపెలాగా పైకి లేస్తది. దీన్ని పిరమిడింగ్ అంటారు. ఒకప్పుడు ఇది ప్రోటీన్ ఎక్కువైతే వస్తది అనుకునేవాళ్ళు, 2003లో వియన్నా పరిశోధకులు సల్కాటా పిల్లల్నే తీసుకుని పొడి గాలిలో కొన్నింటిని, తేమ గాలిలో కొన్నింటిని పెంచి చూస్తే, పొడిగా పెరిగినవాటికే బుడిపెలు ఎక్కువ లేచినయ్, ప్రోటీన్ ప్రభావం చాలా తక్కువని తేలింది. ఒకసారి లేచిన బుడిపె మళ్ళీ అణగదు, అది జీవితాంతం అలాగే ఉంటది, అందుకే మీ పిల్లకి మొదటి రెండు మూడేళ్ళు చాలా కీలకం, అందుకే ఇంత సాగదీసి చెప్తున్నా.

ఇప్పుడు మీ మేడ మీద ఇసుక సంగతి. ఇసుకలో నీళ్ళు నిలవవు, మన గుంటూరు ఎండలకి పొద్దున తడిపితే మధ్యాహ్నానికి పొడిపొడి. దాని మీద ఆకుకూర వేశారనుకోండి, తడి ఆకుకి ఇసుక అంటుకుని మేతతోపాటే లోపలికి పోద్ది, కొంచెం పోతే పెంటలో వచ్చేస్తదిగానీ రోజూ పోతా ఉంటే పేగులో గడ్డకట్టి దారి మూసుకుపోద్ది. నీళ్ళు సరిగ్గా తాగని పిల్లలకి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. పైగా పొడి ఇసుక కళ్ళలో పడుద్ది. షాపుల్లో రంగు రంగుల కాల్షియం ఇసుక అని కూడా అమ్ముతారు, కాల్షియం కదా మంచిదేలే అనుకుని కొనొద్దు, కాల్షియం తక్కువైన తాబేలు దాన్ని వెతుక్కుని మరీ తింటది.

పేపర్ ముక్కలు కూడా తీసెయ్యండి. నున్నటి పేపర్ మీద కాళ్ళకి పట్టు దొరకదు, తవ్వుకోవడానికి ఏమీ ఉండదు, తేమ అసలే ఉండదు. పేపర్ పనికొచ్చేది ఒక్క చోట, జబ్బుగా ఉన్నప్పుడో కొత్తగా తెచ్చినప్పుడో పెంటలో పురుగులు వస్తున్నాయా లేదా చూడాలంటే కొద్దిరోజులు వేస్తారు, అంతే.

మరి ఏం పోయాలి? మన దగ్గర చవగ్గా దొరికేదీ, నేను అందరికీ చెప్పేదీ కోకోపీట్, అంటే కొబ్బరి పీచు తీసేటప్పుడు రాలే పొట్టు. విజయవాడ, గుంటూరు నర్సరీల్లో ఎక్కడైనా దిమ్మలు దొరుకుతాయి, 5 కిలోల దిమ్మ ఒకటి నానబెడితే మీ పిల్ల పెట్టెకి సరిపోయి ఇంకా మిగులుద్ది. రెండు పాళ్ళు కోకోపీట్‌కి ఒక పాలు ఎర్రమట్టి కలపండి. మట్టి ఎందుకంటే, ఒట్టి కోకోపీట్ ఆరితే మరీ తేలికైపోయి దుమ్ము లేస్తది, మట్టి కలిస్తే బరువొస్తది, పిల్ల తవ్వినప్పుడు గుంట కూలకుండా నిలబడుద్ది. మీ ఇసుక అంతగా వాడాలనుకుంటే ఇందులో రెండు గుప్పెళ్ళు కలుపుకోండి, నష్టం లేదు.

ఒక్క జాగ్రత్త, దిమ్మ కొనగానే నానబెట్టి పోసెయ్యొద్దు. కోకోపీట్‌లో ఉప్పు ఉంటది. బకెట్లో నానబెట్టి, నీళ్ళు టీ రంగులోకి దిగాక పాత చీర గుడ్డలో వేసి మూటకట్టి పిండి పారబొయ్యండి, మళ్ళీ మంచినీళ్ళు పొయ్యండి, మళ్ళీ పిండండి, అలా పిండిన నీళ్ళు బాగా తేటపడేదాకా చెయ్యాలి. నర్సరీలో అడిగితే కడిగిన రకం కూడా ఉంటది, రేటు కొంచెం ఎక్కువ. నర్సరీవాళ్ళు మొక్కల కోసం ముందే కలిపి పెట్టిన మట్టి మాత్రం తేవొద్దు, అందులో వేపపిండి, డీఏపీ, ఒక్కోసారి తెల్ల పూసల్లాంటి పెర్లైట్ ఉంటాయి, ఆ పూసలు తాబేలు కంటికి మేతలాగే కనపడతాయి. ఎర్రమట్టి విడిగా అడిగి తెచ్చుకోండి. ఇంకోమాట, ఊరికెళ్ళినప్పుడు మిరప చేలోంచో పత్తి చేలోంచో బస్తాడు మట్టి తెచ్చుకుందాం అనుకోవద్దు, ఆ చేలకి ఎన్నిసార్లు మందు కొడతారో మన గుంటూరోళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

తడి ఎంత ఉండాలి అనేదానికి కొలత చెప్తా. గుప్పెడు తీసుకుని గట్టిగా పిసకండి. చెయ్యి తెరిస్తే ముద్ద నిలవాలి, వేళ్ళ సందుల్లోంచి మాత్రం నీళ్ళు కారకూడదు. ముద్ద విరిగి పొడిగా రాలిందంటే తక్కువైనట్టు, చుక్కలు కారినయ్యంటే ఎక్కువైనట్టు. లోతు 4 అంగుళాలు తగ్గకుండా పొయ్యండి, పిల్ల మొత్తం కూరుకుపోవాలి, ముందు కాళ్ళతో ఒకటి తర్వాత ఒకటి మట్టిని పక్కలకి నెట్టుకుంటా లోపలికి దిగి, వెనక డిప్ప అంచు మాత్రం కనపడేలా పడుకుంటది, అలా పడుకుంటే అది నిశ్చింతగా ఉందని అర్థం, బయటికి లాగొద్దని మీ బాబుకి చెప్పండి.

నీళ్ళు పై నుంచి చిలకరించడం కాదు, పెట్టె నాలుగు మూలల్లో మెల్లగా పొయ్యాలి. అప్పుడు అడుగున తడి నిలుస్తది, పైన ఒక అర అంగుళం పొడిగా ఉంటది. మనకి కావాల్సింది సరిగ్గా అదే, కింద తేమ, పైన పొడి. పైన కూడా తడిగా ఉంటే పొట్టవైపు డిప్ప ఎప్పుడూ నానతా ఉండి కుళ్ళు పట్టుద్ది. వారానికోసారి పిల్లని తిప్పి పొట్ట చూడండి, మెత్తబడిన మచ్చలు, వాసన ఉంటే వెంటనే పొడి చోటికి మార్చి డాక్టర్‌కి చూపించాలి, మన దగ్గర గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడికి తీసుకెళ్ళొచ్చు. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో గాలిలో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి కొని పెట్టెలో ఓ మూల పెట్టండి, పిల్లలకి 70 నుంచి 80 శాతం తేమ చూపించాలి. ఏప్రిల్, మే నెలల్లో వడగాలి కొట్టే రోజుల్లో, ఏసీ గదిలో పెట్టినప్పుడు అది ధబేల్న పడిపోద్ది, అప్పుడు పెట్టె పైన సగం మూసి ఉంచండి.

మేత ఎప్పుడూ ఈ మట్టి మీద వెయ్యొద్దు. మాచర్ల నాపరాయి ముక్క చిన్నది ఒకటి పెట్టి దాని మీద వెయ్యండి, మట్టి నోట్లోకి పోదు, పైగా రాయి గరుకుకి ముక్కు, గోళ్ళు అరుగుతాయి.

చివరిగా అడగని మాట ఒకటి. సల్కాటా మన దేశపు తాబేలు కాదు, అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు ఉన్న జాతుల్లో ఉంది కాబట్టి 2024లో వచ్చిన రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ, అటవీ శాఖవాళ్ళ పరివేష్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేయించుకోవాలి, షాపు బిల్లు జాగ్రత్తగా పెట్టుకోండి. ఇంకా, ఇది అరచేతిలోనే ఉండిపోదు, 40, 50 కిలోలు దాటి పెరుగుద్ది, మీ బాబు పెళ్ళీడుకొచ్చినా ఇంకా బతికే ఉంటది. ఆ లెక్కన ఇల్లు, వాకిలి ఆలోచించుకోండి.

ప్రశ్న: మాకు టింబర్ డిపో ఉంది సార్, రంపపు పొట్టు ఊరికే దొరుకుతుందని అదే వేస్తున్నా. పదిరోజుల్నుంచి మా తాబేలు కళ్ళు మూసుకునే ఉంటుంది, ముక్కు దగ్గర బుడగలు వస్తున్నాయి. పొట్టు బదులు వరి ఊక వెయ్యమని ఒకళ్ళు చెప్పారు, వెయ్యొచ్చా?
(ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ)

జవాబు: తమ్ముడూ, ఊక సంగతి తర్వాత, ముందు ఇవాళే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు. ముక్కు బుడగలు, మూసిన కళ్ళు అంటే ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ కావొచ్చు, తాబేలు దగ్గలేదు కాబట్టి లోపలికి దిగింది బయటికి తెచ్చుకోలేదు, ముదిరితే చాలా కష్టం.

పొట్టు మొత్తం తీసెయ్. సన్న పొట్టు ప్రతి అడుగుకీ లేస్తది, తాబేలు ముక్కు నేలకి ఎంత దగ్గరో చూడు, మనకి కనపడని దుమ్మంతా దానికే. అన్నిటికంటే ప్రమాదం వాసన వచ్చే చెక్కల పొట్టు, దేవదారు, పైన్ లాంటివి, వాటిలోని నూనెల ఆవిరి సరీసృపాల ఊపిరికి, చర్మానికి పడదు. డిపోల్లో ప్లైవుడ్ కోసిన పొట్టు కూడా కలిసిపోద్ది, అందులో జిగురు ఉంటది.

ఊకా వద్దు. గింజ పొట్టు అంచులు గరుకు, కంట్లో పడితే గుచ్చుకుంటది, తేమ పట్టదు, తడిస్తే పులిసి వాసనొస్తది. వేరుశనగ పొట్టు గురించి కూడా ఒకళ్ళు అడిగారు, దానికి బూజు ఇంకా తొందరగా పడుద్ది, వద్దు. జబ్బు తగ్గేదాకా మామూలు పేపర్ పరిచి రోజూ మార్చు, గోరువెచ్చని నీళ్ళలో పొట్ట మునిగేంతవరకే రోజూ కాసేపు కూర్చోబెట్టు, డాక్టర్ సరే అన్నాక పైన బ్రాడీపేట అమ్మగారికి చెప్పిన మట్టి వెయ్యి.

ప్రశ్న: మీరు ఇంతకుముందు ఎక్కడో చెప్పారని కోకోపీట్ వేశామండి, వానలు మొదలైనకాణ్ణుంచీ పైన తెల్లగా బూజు వస్తుంది, చీమలు కూడా పట్టేస్తున్నాయి. ఎన్ని రోజులకి మార్చాలి?
(ఒక పాఠకురాలు, కృష్ణలంక, విజయవాడ)

జవాబు: ఏటి పక్కన ఉన్నారు, వానాకాలంలో గాలిలోనే తేమ ఎక్కువ, ఎండాకాలంలో పోసినన్ని నీళ్ళు ఇప్పుడు పొయ్యక్కర్లేదండి. మూలల్లో పొయ్యడం ఆపేసి, పైన ఉన్న బూజు పొరని గరిటెతో తీసి పారేసి, మిగతాది చేత్తో కిందా మీదా తిరగబెట్టండి. పెట్టె మీద మూత ఉంటే సగం తెరవండి. ఎండకాసిన రోజు మట్టి మొత్తం మేడ మీద పాలిథీన్ షీట్ మీద పల్చగా పరిచి ఆరబెట్టినా మంచిదే.

కొత్త కోకోపీట్ మీద మొదటి వారం పదిరోజులు కొంచెం తెల్లగా రావడం మామూలే, అది దానంతటదే పోద్ది, భయపడొద్దు. నల్లగా, ఆకుపచ్చగా వచ్చినా, పుల్లటి వాసనొచ్చినా, తాబేలు అటువైపు పోవడం మానేసినా అప్పుడు మాత్రం మొత్తం పారబోసి పెట్టె కడిగి కొత్తది పొయ్యాలి. పెంట ఎప్పటిదప్పుడు చెంచాతో తీసేస్తా, తడిసిన మేర మట్టి కూడా తీసి కొత్తది కలుపుతా ఉంటే మూడు నాలుగు నెలల దాకా మొత్తం మార్చే పని పడదు. మిగిలిపోయిన మేత సాయంత్రం దాకా ఉంచొద్దు, బూజుకీ చీమలకీ కూడా మొదలు అదే.

చీమలకి మందు చల్లొద్దు, చాక్‌పీస్ గీతలు కూడా గీయొద్దు, తాబేలు పొట్ట నేలకి రాసుకుంటా నడిచే ప్రాణి, గీసిందంతా దాని ఒంటికే అంటుద్ది. మన అమ్మమ్మలు కూరల అలమర కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేవాళ్ళు గుర్తుందా, పెట్టెని నాలుగు కాళ్ళ స్టాండ్ మీదకి ఎక్కించి అదే చెయ్యండి, గిన్నెల్లో నీళ్ళు రెండు రోజులకోసారి మారిస్తే దోమలు కూడా పెట్టవు. ఎర్రచీమల్ని తేలిగ్గా తీసుకోవద్దు, మట్టిలో కూరుకుని నిద్రపోయే పిల్ల కళ్ళని కుట్టేస్తాయి.

ప్రశ్న: మా మావయ్యగారు ఊరి నుంచి డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లాగా ఉండే తాబేలు తెచ్చిచ్చారు, ఇంట్లో ఉంటే కలిసొస్తుందన్నారు. దీనికి ఏ మట్టి వేస్తే బాగుంటుంది?
(ఒక పాఠకుడు, లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: ఏ మట్టీ వద్దు బాబూ, దాన్ని ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అప్పగించెయ్యి. అది నక్షత్ర తాబేలు, మన ఆంధ్రా తుప్పల్లో, గడ్డి నేలల్లో సహజంగా ఉండేది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో అది మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులికి ఉన్నంత రక్షణ దానికీ ఉందన్నమాట, ఇంట్లో ఉంచుకుంటే జైలు శిక్ష పడే నేరం. 2019లో అంతర్జాతీయ వ్యాపారం కూడా పూర్తిగా నిషేధించారు. ఎందుకింత కఠినం అంటే, కలిసొస్తుందనే ఈ ఒక్క మాట మీద అడవిలోంచి ఏరి, సంచుల్లో కుక్కి, ఊళ్ళూ దేశాలూ దాటిస్తున్నారు, దారిలోనే చాలా చచ్చిపోతాయి. మావయ్యగారు ప్రేమతోనే తెచ్చుంటారు, ఆయనకి ఈ మాట మెల్లగా చెప్పండి.

నీకు నువ్వుగా ఏదో కొండ దగ్గర వదిలెయ్యొద్దు, అది ఎక్కడిదో మనకి తెలీదు, జబ్బు ఉంటే అక్కడున్నవాటికి అంటుకుంటది. ఆఫీసుకి తీసుకెళ్ళేదాకా గాలి ఆడే అట్టపెట్టెలో ఎండుగడ్డి వేసి నీడన పెట్టు, పల్చటి పళ్ళెంలో నీళ్ళు పెట్టు, చాలు.

ప్రశ్న: మాది 14 కిలోల సల్కాటా. ఇంటి వెనక జాగాలో వదిలేద్దామనుకుంటున్నాం, నేల నల్లరేగడి. పర్లేదా?
(ఒక పాఠకుడు, తాడేపల్లి)

జవాబు: ఆ సైజుకి పెట్టెలో ఉంచడమే తప్పండి, జాగాలో వదలడం మంచి ఆలోచన. నల్లరేగడి మాత్రం ఇబ్బందే, వానకి జిగురుగా కాళ్ళకి, డిప్పకి పట్టుకుని ఆరితే రాయైపోద్ది, ఎండాకాలంలో నెర్రెలిస్తది, నెర్రెలో కాలు ఇరుక్కునే అవకాశం ఉంది. జాగా మొత్తం మార్చక్కర్లేదు, అది ఎక్కువగా తిరిగే చోట, పడుకునే చోట ఒక ట్రాక్టర్ గ్రావెల్ మట్టి తోలించి అడుగు ఎత్తు చెయ్యండి, నీళ్ళు నిలవకుండా వాలు పెట్టండి. మిగతా నేలలో గరిక నాటండి, నల్లరేగడిలో గరిక బాగా అల్లుకుంటది, పరుపూ అదే, మేతా అదే. ఈ వయసుదానికి పిల్లలకి కావాల్సినంత తేమ అక్కర్లేదు, నీడ, గుంటడు నీళ్ళు ఉంటే చాలు. గోడ పునాది చూసుకోండి, ఇది తవ్వడం మొదలుపెడితే ఆగదు, గోడ వెంట అడుగున్నర లోతున నాపరాళ్ళు నిలువుగా పాతించండి. రాత్రికి పైకప్పు ఉన్న గూడు ఉండాలి, జనవరి చలికి గూట్లో ఎండుగడ్డి మందంగా వెయ్యండి, అది కూడా పొడిగా ఉన్నన్నాళ్ళే, తడిస్తే వెంటనే తీసెయ్యాలి.

ప్రశ్న: మా పాప దగ్గర చెవి పక్కన ఎర్ర చారలుండే చిన్న తాబేలు ఉంది, ప్లాస్టిక్ టబ్‌లో రంగు గులకరాళ్ళు వేసి పెట్టాం. రాళ్ళు బాగుంటాయా, కోకోపీట్ వెయ్యాలా? పెద్దదైతే కాలవలో వదిలేద్దామనుకుంటున్నాం.
(ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ)

జవాబు: అది రెడ్ ఇయర్డ్ స్లైడర్ అండి, నీటి తాబేలు, పైన చెప్పిన మట్టి ఏదీ దానికి పనికిరాదు. చిన్న గులకరాళ్ళు మింగుద్ది, తీసెయ్యండి. అడుగున ఏమీ లేకపోయినా పర్లేదు, వేస్తే దాని తలకంటే పెద్ద నున్నటి రాళ్ళే వెయ్యాలి. ఈదేంత లోతు నీళ్ళు, ఎక్కి ఒళ్ళు ఆరబెట్టుకోవడానికి పొడి రాయి ఒకటి, ఇవి ముఖ్యం. పాప దాన్ని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి, తాబేళ్ళ ఒంటి మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటది, చిన్నపిల్లలకి విరేచనాలు, జ్వరం వస్తాయి. ఆ నీళ్ళు వంటింటి సింకులో పారబొయ్యొద్దు.

బందరు కాలవలో గానీ, ఏలూరు కాలవలో గానీ, రైవస్ కాలవలో గానీ దయచేసి వదలొద్దు. ఇది అమెరికా తాబేలు, ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే 100 చొరబాటు జాతుల జాబితాలో ఉంది, ఎక్కడ వదిలితే అక్కడ స్థిరపడి మన తాబేళ్ళ మేత, ఎండ కాచుకునే రాళ్ళు అన్నీ లాగేసుకుంటది. టబ్ చాలకపోతే మేడ మీద సిమెంటు తొట్టి కట్టించి అందులో పెట్టుకోండి, లేదా ఇప్పటికే ఇవి పెంచుతున్నవాళ్ళకి ఇచ్చెయ్యండి.